ఇంటా బయటా: వర్లీ నుంచి వీటీ దాకా



క్రితం సంచికలో ఆవకాయ జాడీల గురించి రాసిన కబుర్లకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటి మధ్య బరంపురం నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి ఆవకాయతో ఏ సంబంధమూ లేదు. "మావారికి యాభైమూడేళ్ళు. మూడేళ్ళుగా షుగరు మాత్రలు వేసుకుంటున్నారు. బొంబాయిలో ఉన్న మా అబ్బాయి మాటలు విని, జనవరిలో అక్కడ మారథాన్ పరిగెత్తుతానంటున్నారు. మీరూ పరిగెత్తారని విన్నాను. ఆయన్ని ఆపమంటారా, పంపమంటారా?" అని ఆ సోదరి అడిగారు.

అమ్మా, దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నావల్ల కాదు. నా సంగతి చెబుతాను. విన్నాక మీరే నిర్ణయించుకోండి.

నేను పుట్టి పెరిగింది వర్లీలో, బీడీడీ చాల్‌లో. మా బాపు కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన నేత కార్మికుడు. బొంబాయిలో మనవాళ్ళ కథ చాలామందికి తెలిసిందే. ఇళ్ళూ రోడ్లూ కట్టడానికి వచ్చిన కామాఠీల పేరే కామాఠిపురాకు స్థిరపడింది. పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్ మిల్లుల్లో మగ్గాల ముందు నిలబడ్డారు. 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలయింది. సుమారు రెండున్నర లక్షలమంది పని ఆపేశారు. తరువాత చాలా మిల్లులు మూతబడ్డాయి. మా బాపుకు మళ్ళీ మగ్గం దక్కలేదు. ఫోర్టులో ఒక ఆఫీసుకు రాత్రి కాపలా పని దొరికింది. బస్సు డబ్బులు మిగులుతాయని వర్లీ నుంచి ఫోర్టుకు నడిచి వెళ్ళేవాడు, పొద్దున్నే నడిచి వచ్చేవాడు. పదకొండేళ్ళు అలా నడిచాడు. ఆఖరికి షుగరు ముదిరి, పాదానికి పుండు పడి, ఆ కాళ్ళలో ఒకదాన్ని మోకాలి కిందికి తీసేశారు.

2017లో నాకూ షుగరు అని తేలినప్పుడు మా ఇంటావిడ ఏమీ అనలేదు. ఆ సాయంత్రమే చక్కెర డబ్బా పై అటక మీదికి వెళ్ళింది. పండక్కి కూడా కిందికి దిగలేదు.

నేను నడక మొదలుపెట్టింది భయంతోనే. నడక మెల్లగా పరుగయింది. 2022 ఆగస్టులో 21 కిలోమీటర్ల సగం మారథాన్ ముగించాక, "జనవరిలో పూర్తిది పరిగెత్తుతాను" అన్నాను. మా ఆవిడ చేతిలో గరిట పట్టుకుని నా పాదాల వంక చూసింది, మొహం వంక కాదు. "మామయ్యగారి కాలు మీరూ చూశారు, నేనూ చూశాను" అంది. అంతే.

మూడు రోజుల తరువాత తనే షరతులు పెట్టింది. డాక్టరు దగ్గరకు ఇద్దరం కలిసి వెళ్ళాలి. ప్రతి పరుగు తరువాత పాదాలు తనకు చూపించాలి. పరుగులో కళ్ళు తిరిగితే, చెమటలు చల్లబడితే, చేతులు వణికితే ఆగాలి, దాచకూడదు. మూడింటికీ ఒప్పుకున్నాను. మూడోది ఎంత కష్టమో అప్పటికి తెలియదు.

డాక్టరుగారు గుండె పరీక్షలు చేయించారు, కళ్ళూ పాదాలూ చూశారు. నేను వేసుకునే మాత్రల్లో ఒకటి చక్కెరను బాగా దించేసే రకం కనుక పరుగు రోజున దాన్ని ఎలా మార్చుకోవాలో రాసిచ్చారు. "చక్కెర 70 కంటే తగ్గితే వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకోండి. పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చుని మళ్ళీ పరీక్ష చేసుకోండి. 100 దాటకపోతే పరుగు అక్కడితో సరి" అన్నారు. ఆ కాగితం మా ఆవిడ తన పర్సులో పెట్టుకుంది, నాకివ్వలేదు.

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో సుమారు 40 ఉండేది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన కొలతే 1921లో స్థిరపడింది. సాధన చేసే మనిషి చాలావరకు ఆ దూరం ముందుగా పరిగెత్తడు. వారానికి నాలుగు రోజులు పరుగు, ఆదివారం పొడుగు పరుగు. అది 12 కిలోమీటర్లతో మొదలై, నెమ్మదిగా పెరిగి, డిసెంబరు మధ్యకు 30 చేరుతుంది. మధ్య మధ్య ఒక వారం తగ్గించాలి. ఆఖరి మూడు వారాలు బాగా తగ్గించి కాళ్ళకు విశ్రాంతినివ్వాలి. మిగతా 12 కిలోమీటర్లు ఆ రోజు దేవుడి మీద భారం.

ఆ 12 కిలోమీటర్లలోనే అసలు సంగతంతా ఉంది. మన కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండిపదార్థపు నిల్వ చాలామందికి 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. కొవ్వు ఎంత ఉన్నా అది అంత వేగంగా ఇంధనం కాలేదు. అందుకే దారిలో కొద్దికొద్దిగా తింటూ ఉండాలి, మొదట నెమ్మదిగా వెళ్ళాలి. కొత్త బూట్లు ఆ రోజు వేసుకోకూడదు. దాహమైన మేరకే నీళ్ళు తాగాలి. ఉత్త నీళ్ళు అతిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రాణం మీదికి వస్తుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పరీక్ష హాల్లో మాత్రం మరిచిపోయాను.

2004లో మొదలైన ముంబై మారథాన్ కరోనా వల్ల 2021, 2022 సంవత్సరాల్లో జరగలేదు. మళ్ళీ 2023 జనవరి 15న పెట్టారు. ఆ రోజు ఆదివారం, పైగా మకర సంక్రాంతి. "పండగపూట ఇంటి ముందు ముగ్గు వేసేది మానేసి రోడ్డు మీద నిలబడాలా?" అంది మా ఆవిడ. మూడున్నరకే లేచి ముగ్గు వేసి, నన్ను సాగనంపింది. "వర్లీ నాకా దగ్గర ఉంటాను. ఎంతసేపయినా ఉంటాను" అంది.

తెల్లవారకముందే వీటీ స్టేషన్ ముందు వేలమంది. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అని పేరు మారినా మా నోటికి అది వీటీయే. చల్లటి గాలి, మెరైన్ డ్రైవ్ దీపాలు, పక్కన డోలు చప్పుళ్ళు. కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు అనుకున్నవాణ్ణి ఏడున్నరలో పోతున్నాను. పక్కవాడు పోతున్నాడు కదా! వెళ్ళేటప్పుడు పెద్దర్ రోడ్డు ఎత్తు ఎక్కినట్టే తెలియలేదు. బాంద్రా-వర్లీ సీ లింక్ మీదికి చేరేసరికి తెల్లారింది. మామూలు రోజుల్లో ఆ వంతెన మీద కాలు పెట్టనివ్వరు. ఆ పొద్దున అడుగు అడుగూ మాది. కుడివైపు ఊరు మీద సూర్యుడు లేస్తుంటే, ఎక్కడో వర్లీ మేడల మధ్య మా చాల్ ఉన్నవైపు వెతికాను. ఆ సంబరంలో ముప్పావు గంటకొకసారి తినవలసిన అరటిపండు ముక్క ఒకసారి మానేశాను. బాంద్రాలో ఇంకోసారి కూడా మానేశాను, కడుపు బరువెక్కుతుందని.

మాహిం దాటాక వెనకనుంచి ఈలలు, మోటారు సైకిళ్ళు. మాకంటే రెండు గంటలు ఆలస్యంగా బయలుదేరిన మేటి పరుగువీరులు మమ్మల్ని దాటిపోయారు. ఆ రోజు గెలిచిన ఇథియోపియా వీరుడు హైలే లెమి 2 గంటల 7 నిమిషాల 32 సెకన్లలో ముగించాడు. వాళ్ళ అడుగు నేలకు తగిలినట్టే లేదు. నా అడుగు మాత్రం అప్పటికే నేలను వదలనంటోంది.

సిద్ధివినాయకుడి గుడి దాటేసరికి చెమట చల్లబడింది. వేళ్ళు వణుకుతున్నాయి. కిలోమీటరు బోర్డు మీద అంకె రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అప్పుడు నాకు వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? "వర్లీ నాకా దగ్గర నవ్వుతూ చెయ్యి ఊపి దాటిపోవాలి. ఆగితే ఇక వెళ్ళనివ్వదు." ఇన్నేళ్ళ కాపురంలో చిన్నాచితకా అబద్ధాలు నేనూ ఆడాను. కానీ ఇది ఆ జాతి అబద్ధం కాదు.

తను రోడ్డు అంచున పసుపు చీరలో నిలబడి ఉంది. నేను నవ్వాను, చెయ్యి కూడా ఎత్తాను. తను నవ్వలేదు. "కళ్ళు తిరుగుతున్నాయా?" అని ఒక్కటే మాట అడిగింది.

అరనిమిషం పట్టింది నాకు. "అవును, తిరుగుతున్నాయి" అన్నాను.

ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టింది. సంచిలోంచి షుగరు చూసే మిషను తీసి వేలు గుచ్చింది. 68. గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించింది. వాచీ చూసుకుంటూ పక్కన కూర్చుంది. పదిహేను నిమిషాలు అంత పొడుగుంటాయని నాకు తెలియదు. పక్కనుంచి వందలమంది దాటిపోతున్నారు. మళ్ళీ చూస్తే 94. లేవబోయాను. "వంద" అంది, పర్సులోంచి కాగితం తీయకుండానే. ఇంకో పదిహేను నిమిషాలు. ఈలోగా ఒక మరాఠీ పిల్లవాడు పళ్ళెంతో వచ్చి "తిళ్‌గుళ్ ఘ్యా, గోడ్ గోడ్ బోలా" అన్నాడు. నువ్వులూ బెల్లమూ తిని తియ్యగా మాట్లాడమని వాళ్ళ సంక్రాంతి మాట. నేను అలవాటుగా మా ఆవిడ మొహం చూశాను. ఆరేళ్ళుగా నా నోటికి తీపి తగలకుండా కాపలా కాసిన మనిషి ఆ పళ్ళెంలోంచి తన చేత్తోనే ఒక ఉండ తీసి నా నోట్లో పెట్టింది. నువ్వుల్లో నూనె ఉంటుంది కనుక పడిపోయిన చక్కెరను వెంటనే లేపడానికి అది పనికిరాదు, ముందు గ్లూకోజే కావాలి. లేచిన చక్కెర మళ్ళీ జారకుండా పట్టుకోవడానికి బాగానే పనికొచ్చింది. మూడోసారి 121.

"వెళ్ళండి. కానీ నడవండి, పరిగెత్తవద్దు" అంది. మరో మూడు ఉండలూ గ్లూకోజు పొట్లమూ నా జేబులో వేసింది.

అక్కణ్ణుంచి వీటీకి ఇంకా తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. హాజీ అలీ దాటి పెద్దర్ రోడ్డు ఎత్తు మొదట్లో నిలబడేదాకా నాకు తట్టలేదు. వర్లీ నుంచి ఫోర్టుకు, ఇది మా బాపు నడిచిన దారే. తాడ్‌దేవ్ మీదుగా దగ్గరయినా, సముద్రపు గాలి తగులుతుందని ఆయన ఇటే వచ్చేవాడు. చిన్నప్పుడు ఒక సెలవు రోజు నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఆ ఎత్తు దగ్గర నేను పరిగెత్తబోతే చెయ్యి పట్టి ఆపి, "ఎత్తు కాడ ఉరుకద్దు బిడ్డా, అది ఎటూ పోదు" అన్నాడు.

ఉరకలేదు. పదకొండు గంటల ఎండలో, మెరైన్ డ్రైవ్ పొడుగునా, ఆయన నడకే నడిచాను. తోవలో వాళ్ళూ వీళ్ళూ నారింజ తొనలు, బిస్కెట్లు చేతిలో పెట్టారు. గడువులోపలే ముగించాను, 6 గంటల 38 నిమిషాల్లో. పతకం మెడలో వేసినప్పుడు పెద్ద ఆనందం ఏమీ కలగలేదు, కూర్చోవడానికి చోటెక్కడా అని చూశాను. ఆనందం ఆ సాయంత్రం కలిగింది. మా ఆవిడ నా బూట్లు విప్పి, రెండు పాదాలూ దీపం దగ్గరికి జరిపి, వేళ్ళ మధ్య ఒక్కొక్కటే చూసి, "ఒక్క బొబ్బ. అంతే" అన్నప్పుడు.

బరంపురం సోదరీ, ఇదండీ సంగతి. మీవారి ఒళ్ళూ మాత్రలూ వేరు, నా లెక్క ఆయనకు పనికిరాదు. మీ డాక్టరుగారి లెక్కే వినండి. కానీ ఆ గదిలోకి మీరు కూడా వెళ్ళండి. ఆయన సరేనంటే మొదటి ఏడాది పదితోనో ఇరవైఒకటితోనో సరిపెట్టమనండి. పూర్తి మారథాన్‌కు ఏడాది ఆగితే కొంపలేమీ మునిగిపోవు. మీ ఇద్దరి మధ్య ఒక ఒప్పందం మాత్రం ఉండాలి. మీరు అడిగినప్పుడు ఆయన నిజం చెప్పాలి. నిజం చెప్పినందుకు మీరు కోప్పడకూడదు. మా ఆవిడ ఆ రోజు కోప్పడి ఉంటే, మళ్ళీ ఎప్పుడైనా నేను నిజం చెప్పేవాణ్ణో లేదో!

దారి ఏటా కొంచెం మారుతుంటుంది. అందుకని ముందే పటం తెప్పించుకుని, ఎన్నో కిలోమీటరు దగ్గర నిలబడతారో చూసుకోండి. ముప్పైకి ఇవతల కాదు, అవతల నిలబడండి. సంచిలో గ్లూకోజు మరిచిపోకండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. ఆవకాయ ఉత్తరాలకు జవాబులు అప్పుడు.