యంత్రపు పగులు: నిదానము, చికిత్స



ఇంటిలోని ఇత్తడి బిందె కారుచున్నదని తెలిసిన గృహిణి తోడనే దానిని పాతసామానులవానికి తూచి యిచ్చివేయదు. నీరు పోసి, వెలుపల పొడిగా తుడిచి, చెమ్మ యెచట పుట్టుచున్నదో కనిపెట్టి, మాటు వేయించుటయో మార్చుటయో పిదప నిర్ణయించును. కారు ఇంజను విషయమునను వలయు వివేక మింతియే.

ఒక సోదరి యీ నడుమ నాకొక లేఖ వ్రాసినది. ఆమె భర్త పరదేశమున నుద్యోగములో నున్నాడు. అత్తగారిని వైద్యశాలకు తీసికొనిపోవుటకు ఇంటనున్న పాతకారే ఆధారము. అది దారిలో ఆవిరి గ్రక్కి నిలిచిపోయినది. చూచిన మెకానికు మూత తీసి మూసి, "ఇంజను పగిలినది, క్రొత్తది వేయవలె"నని చెప్పెనట. అందులకు కావలసిన ధనము పిల్లల చదువునకై దాచియుంచినది. "ఆతని మాట నిజమో కాదో నేనెట్లు తెలిసికొందును?" అని యామె ప్రశ్న. ఇట్టి సంకటము ఏ యింటికైనను రాదగినదే గనుక ఈ నెల శీర్షికను దానికే వినియోగించుచున్నాను.

శరీరము తెలియక రోగము తెలియదు. సిలిండర్లుగల క్రింది దిమ్మను బ్లాకనియు, దానిపై మూతవలె బిగించు భాగమును హెడ్డనియు అందురు. రెండింటి నడుమ గాస్కెట్టు అను పలుచని రేకు ఉండును. ఈ లోహపు గోడలలో నీటికొక త్రోవ, ఆయిలునకొక త్రోవ, మండెడు వాయువునకొక గది కలవు. ఈ మూడును ఒకదాని నొకటి తాకరాదు. పగులనగా నీ మర్యాద చెడుటయే.

పోత ఇనుము గట్టిదేకాని పెళుసు. నీరు తఱిగి ఒక భాగము మిక్కిలి కాగి, వేఱొక భాగము చల్లగా నున్నచో, సమముగా వ్యాకోచింపలేక పగులును. అల్యూమినియము అదే వేడికి ఇనుముకంటె ఇంచుమించు రెండింతలు పెరుగును. కావున ఇనుప బ్లాకుపై అల్యూమినియపు హెడ్డు గల ఇంజను అతిగా కాగినప్పుడు హెడ్డు వంగుటయో, పగులుటయో, గాస్కెట్టు చెడుటయో సంభవించును. కాగిన ఇంజనుపై చన్నీరు పోయుట, ఎఱ్ఱగా కాలిన పెనముపై నీరు గ్రుమ్మరించుటతో సమానము. మంచు కురియు దేశములలో మఱియొక కారణము కలదు. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి 9 వంతుల వఱకు పెరిగి లోపలినుండి గోడను చీల్చును. అచట కాపురమున్న మన బిడ్డలు వట్టి నీటితో కారు నడుపరాదు.

పరీక్షకు పూర్వము ఒక హెచ్చరిక. రేడియేటరు మూత ప్రెషరు కుక్కరు మూతవంటిది. వాతావరణపు ఒత్తిడికి మఱి యొకంత చేరినచో నీరు 100 డిగ్రీలకు గాక 120 డిగ్రీలకు మఱుగును. వేడిలో మూత త్రిప్పినచో ఆ నీరు ముఖముపైకి చిమ్మును. కావున రాత్రియంతయు నిలిపియుంచిన కారును ఉదయమున మాత్రమే పరీక్షింపవలెను.

మొదట డిప్‌స్టిక్కు తీసి తుడిచి, మరల ముంచి చూడుడు. ఆయిలు మజ్జిగ కలిపినట్లు తెల్లబారి యున్నచో నీరు దానిలో కలిసినది. అట్టి ఇంజనును ఒక నిమిషమైనను నడుపరాదు. నీరు కలిసిన ఆయిలు బేరింగులను కాపాడజాలదు. అయితే ఆయిలు పోయు మూత క్రింద మాత్రమే కొంచెము మీగడవలె నున్నచో, అది దగ్గరి ప్రయాణములవలన పట్టిన చెమ్మయు కావచ్చును.

ఆయిలు శుభ్రముగా నున్నచో, రెండవది నీటిమట్టము. డబ్బాపై గీత గీసి, కారు క్రింద పాత అట్ట పఱచి రెండు మూడు దినములు చూడుడు. అట్ట తడిసినచో లోపము వెలుపల నున్నది. అట్ట పొడిగా నుండియు నీరు తఱిగినచో లోపలికి పోవుచున్నదని అనుమానింపవలెను. మూడవది పొగ. ఉదయమున కొంచెముసేపు తెల్లని ఆవిరి వచ్చుట సహజము. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లని పొగ తియ్యని వాసనతో వచ్చుచున్నచో కూలెంటు సిలిండరులో కాలుచున్నది. నాలుగవది బుడగలు. చల్లని ఇంజను మూత తీసి, స్టార్టు చేసి కొద్ది క్షణములు దూరమునుండి చూచి, వేడెక్కకముందే ఆపవలెను. బుడగలు ఎడతెగక వచ్చినచో మండెడు వాయువు నీటిత్రోవలో చొచ్చినదని తలపవచ్చును.

అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు చెప్పును. ఆ స్థాలీపులాకన్యాయ మిచట చెల్లదు. ఒక్క గుర్తు చాలదు. అంతకంటె ముఖ్యమైన సంగతి వినుడు. గాస్కెట్టు చెడినను ఈ లోపలి గుర్తులన్నియు కనబడును. గాస్కెట్టు అల్పవ్యయము, ఇంజను మహావ్యయము. హెడ్డు విప్పి చూడక లోపల పగిలినదని నిశ్చయించుట నాడి చూడక మరణము చెప్పుటవంటిది.

కావున ఆ సోదరికి నేను వ్రాసిన ప్రత్యుత్తర మిది: "అమ్మా, మెకానికును మూడు సంగతు లడుగుము. నీటిత్రోవకు చేతిపంపుతో ఒత్తిడి పెట్టి, ముల్లు దిగినదో లేదో చూచితివా? రేడియేటరులోని వాయువుతో నీలిరంగు ద్రవము పసుపుబారునో లేదో పరీక్షించితివా? హెడ్డు విప్పి పగులు నా కంటికి చూపింపగలవా? మంచి పనివాడు ఈ ప్రశ్నలకు నొచ్చుకొనడు. నొచ్చుకొన్నవాని చేతికి ధనము పోయకుము."

పగులు చూపు ఉపాయము పాతకాలపు రైల్వే కర్మాగారములనుండి వచ్చినదే. అనుమానించిన చోట మసి, గ్రీజు తొలగించి కిరసనాయిలు పూయుదురు. కొంతసేపటికి పూర్తిగా తుడిచి సుద్దపొడి చల్లుదురు. పగులులో దాగిన కిరసనాయిలు పొడిలోనికి ఊరి సన్నని గీత కనబడును. మా వారు బడినుండి తెచ్చు సుద్దముక్కయే యిందుకు చాలును. దగ్గర నిప్పు ఉండరాదు. నేడు పనివారు ఎఱ్ఱని రంగుద్రవమును, తెల్లని పొడిని ఇట్లే వాడుదురు. ఇనుపదానికి అయస్కాంతమును ఇనుపరజనును వాడుటయు కలదు. అది అల్యూమినియమునకు పనికిరాదు.

ఇక చికిత్స. పగులు పోత ఇనుప బ్లాకు వెలుపలి నీటిగోడకు మాత్రమే యున్నచో ఇంటివద్దనే బాగుచేయవచ్చును. కూలెంటు తీసివేసి, లోహము మెఱయువఱకు రుద్ది, పగులు రెండు కొనలను కనిపెట్టి, ఇంచుమించు 3 మిల్లీమీటర్ల రంధ్ర మొక్కొక్క కొనకు వేయవలెను. చింపుమొనకు కుట్టువేసి ఆపినట్లు, ఈ గుండ్రని రంధ్రము పగులును ముందునకు ప్రాకనీయదు. పిదప పగులు వెంబడి గాడి తీసి, జిడ్డు కడిగి ఆరబెట్టి, రెండు భాగములు కలిపి వాడు లోహపు ఎపాక్సీ ముద్దను అదిమి, 24 గంటలు కదల్పక యుంచవలెను. ఒత్తిడిపరీక్ష అయిన పిదపనే బండి నడుపవలెను.

సిలిండరునకు గాని వాల్వుల నడుమ గాని పగులున్నచో ఈ ముద్ద నిలువదు. అది వర్కుషాపు పని. పోత ఇనుమునకు వరుసగా మరమేకులు బిగించి, వేడి లేకుండ కుట్టు విధానము కలదు. వెల్డింగు చేయుదుమన్నచో లోహమును మెల్లగా కాచి మెల్లగా చల్లార్పగల నేర్పరి కావలెను. లేనిచో ప్రక్కనే క్రొత్త పగులు పుట్టును. అల్యూమినియపు హెడ్డును వెల్డింగు చేసి, ముఖము చదును చేసి, క్రొత్త గాస్కెట్టుతో బిగింపవచ్చును. అదియు కుదరనిచో పాత హెడ్డు కొనుట, కట్టకడపటిదిగా ఇంజను మార్చుట. ఏది చేసినను మొదట నీరు తఱుగుటకు కారణమైన గొట్టమునో, పంపునో, ఫ్యానునో సరిదిద్దవలెను. లేనిచో రోగము మరల వచ్చును.

రేడియేటరులో పసుపు, గ్రుడ్డు తెల్లసొన వేయు దారిమందులు కొన్ని క్రోసులు పోనిచ్చునేమోకాని సన్నని నీటిత్రోవలను పూడ్చి వేఱొక చేటు తెచ్చును. పగులు మూయు సీసామందులును ఇంటికి చేరుటకే గాని నిత్యము నమ్మదగినవి కావు.

కడపట తల్లులకు మఱియొక మాట. కూలెంటు తియ్యగా నుండును. అందు సాధారణముగా నుండు ఎథిలీన్ గ్లైకాల్ విషము. తీసిన ద్రవమును గిన్నెలోగాని పానీయపు సీసాలోగాని ఉంచరాదు. పిల్లలకును, వాకిటి కుక్కలకును అందని చోట, మూతగల డబ్బాలో పేరు వ్రాసి దాచుడు. నేలపై ఒలికినదానిని ఆ క్షణమే తుడిచి, నీటితో కడిగివేయుడు. ఇంజను పోయినను మరల కొనవచ్చును.