వేలూరు కోటలో మూయని తలుపు

1806 జులై 10 తెల్లవారేలోపే వేలూరు కోట సిపాయిల చేతికి చిక్కింది. కోట అధిపతి ఫాన్‌కోర్టు నేలకూలాడు, నూరుమందికి పైగా తెల్ల సోల్జర్లు చచ్చారు, టిప్పు జెండా ఎగిరింది. ఒక్క పూటైనా నిలవలేదు.

తిరుగుబాటు ఎందుకొచ్చిందంటే అందరూ చెప్పేది తలపాగా కథే. క్రాడక్ దొర సైన్యం నామాలు, విభూతి, చెవిపోగులు వద్దంది. గడ్డం తీసి, తోలు తురాయి టోపీ పెట్టమంది. ఈస్టిండియా కంపెనీ సిపాయికి ఉత్తరాదిన ‘తిలంగా’ అనే పేరు పడేంతగా తెలుగువాళ్లు చేరిన కొలువు అది. వాళ్లకూ కడుపు మండే ఉంటుంది. అయితే మంట ఎందుకు రేగిందో చెప్పే ఈ కథ, ఎందుకు ఆరిందో చెప్పదు.

రహస్యం పొక్కిందా అంటే, పొక్కింది. జూన్‌లోనే ముస్తఫా బేగ్ అనే సిపాయి దొరలకు అంతా చెప్పేశాడు. పిచ్చివాడని అతనికే సంకెళ్లు వేశారు! కుట్రదారులకు అంతటి అదృష్టం మళ్లీ దొరకదు.

దాన్ని కోట లోపల జారవిడుచుకున్నారు. కొందరు దోపిడీకి దిగారు. నాయకుడవుతాడనుకున్న, కోటలోనే బందీగా ఉన్న టిప్పు కొడుకు ఫతే హైదర్ ముందుకు రాలేదు. కోట బయట ఉన్న మేజర్ కోట్స్‌ను ఎవరూ పట్టించుకోలేదు. అతని కబురు పాతిక కిలోమీటర్ల దూరంలోని ఆర్కాటు దండుకు చేరింది. ఆ దండు నాయకుడు గిలెస్పీ గుర్రపుదళంతో వచ్చేసరికి బయటి తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. అతను తాడు పట్టుకుని గోడెక్కాడు. లోపలి తలుపును ఫిరంగులు పేల్చేశాయి. తర్వాత కోటలో పారిన నెత్తురు వందలమంది సిపాయిలది.

1944 జులై 20న హిట్లర్ మీద అతని సైన్యాధికారి స్టాఫెన్‌బర్గ్ పెట్టిన బాంబు పేలాక బెర్లిన్‌లోనూ ఇదే తంతు. ఉత్తర్వులివ్వడానికి కుట్రదారులు గంటల తరబడి తటపటాయించారు, టెలిఫోన్లు పూర్తిగా తెంచలేకపోయారు. వాళ్ల తరఫున హిట్లర్ మంత్రి గోబెల్స్‌ను పట్టుకోవడానికి వెళ్లిన మేజర్ రేమర్ ఫోన్‌లో హిట్లర్ గొంతు విని ఎదురుతిరిగాడు. అక్కడ ఒక్కడు చస్తే కథ మారేదేమో. ఇక్కడ కంపెనీకి నరకడానికి ఒక తల లేదు. మద్రాసు గవర్నర్ బెంటింక్‌నూ, క్రాడక్‌నూ లండన్ వెనక్కి పిలిచింది, వాళ్ల చోట్లో వేరే దొరలు కూర్చున్నారు.