కలైకుండలో కలిసి ఎగిరేముందు నియమాలు కలవాలి



కలైకుండ వైమానిక స్థావరం విమానాల హోరు ఖరగ్‌పూర్ తెలుగువాళ్లమైన మనకు కొత్త కాదు. 2005, 2018, 2023 సంవత్సరాల్లో 'కోప్ ఇండియా' విన్యాసాలకు అమెరికా వైమానిక దళం అక్కడికే వచ్చింది. 2007 ఒప్పందం తర్వాత సింగపూర్ దళమూ వచ్చిపోతోంది. పైలట్లు ఒకరి పద్ధతులు ఒకరు నేర్చుకుంటున్నారు, మంచిదే. వాళ్లకు సలహా చెప్పే కంప్యూటర్ల మాటేమిటి?

ఆకాశంలో కనబడ్డది విమానమా, క్షిపణా, మనదా, పరాయిదా అని ఇప్పుడు సాఫ్ట్‌వేరే ముందు తేలుస్తుంది. నిపుణుల అనుభవాన్ని నియమాలుగా మార్చి అందులో నింపుతారు. 2003 మార్చి 23న, ఇరాక్ యుద్ధంలో పని ముగించుకుని కువైట్‌లోని స్థావరానికి తిరిగొస్తున్న బ్రిటన్ టోర్నడోను మిత్రదేశమైన అమెరికా పేట్రియాట్ వ్యవస్థ రాడార్లను వేటాడే క్షిపణి అనుకుంది. సిబ్బంది దాన్ని కూల్చేశారు. విమానంలోని ఇద్దరూ చనిపోయారు. టోర్నడో గుర్తింపు పరికరం పనిచేయకపోవడం ఒక కారణం. పేట్రియాట్‌లోని వర్గీకరణ నియమాలు మరీ వదులుగా ఉండటం కూడా కారణమేనని బ్రిటన్ విచారణలో తేలింది. కలిసి పోరాడే దేశాలు ఆ నియమాలను ముందే సరిచూసుకోవాలనడానికి ఇంకేం రుజువు కావాలి?

రైల్వేవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. లైన్ క్లియర్, అంటే బండి పంపడానికి అనుమతి, ఇచ్చే స్టేషన్ మాస్టరు దానికి గుర్తుగా ప్రైవేట్ నంబరు చెబుతాడు, అవతలి మాస్టరు దాన్ని రాసుకుంటాడు. ఒకరిది తెలుగు, ఒకరిది బెంగాలీ కావచ్చు, రూల్ బుక్ మాత్రం ఇద్దరికీ ఒకటే.

2018 సెప్టెంబరులో అమెరికాతో కుదిరిన కామ్‌కాసా ఒప్పందం రహస్య సందేశాలు పంపుకునే పరికరాలు మనకు అందడానికి దారి తెరిచింది. అయితే సమాచారం అందినంత మాత్రాన రెండు కంప్యూటర్లూ దాన్ని ఒకేలా అర్థం చేసుకుంటాయని కాదు. నాటో దేశాలకు స్టానగ్ ప్రమాణాలున్నాయి, కానీ వాటిని రాసేది మనం కాదు. ఇతరులు రాసిన వాటిని తెచ్చుకుని సర్దుకుపోవడం మనకు తగదు. రాసేటప్పుడే మనవాళ్లు ఉండాలి.

మన రహస్యాలు బయటపడతాయని కొందరి భయం. ఆ భయాన్ని తీసిపారేయలేం. మేం అడిగేది ఇంతే: నియమాలు రాసే తీరూ, పరీక్షించే తీరూ అందరికీ ఒకటి కావాలి. మిత్రవిమానాన్ని గుర్తుపట్టే నియమాలను ఇరుపక్షాలూ చూడాలి. ఆయుధాల గుట్టు ఎవరిది వారి దగ్గరే ఉండనివ్వండి. యంత్రం తన నిర్ణయానికి కారణం తెరమీద చూపాలి, కాల్చాలా వద్దా అన్నది మనిషే తేల్చాలి.

ఈ పరీక్షలకు మన ఊరి ఐఐటీ కన్నా తగిన చోటు ఏముంది? 1951లో మొదలై దేశానికి ఇంజనీర్లను ఇస్తున్న సంస్థ అది, కలైకుండకు కూతవేటు దూరంలోనే ఉంది.

పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘానికి ఉత్తరాలు రాయండి. మేదినీపూర్ ఎంపీకి ఇచ్చే అర్జీ మీద సంతకం చేయండి. ఐఐటీలో చదివే పిల్లలున్న ఇళ్లవారు ఈ కాగితాన్ని వాళ్లకు చూపించండి. వచ్చే విన్యాసాల ఒప్పందంలోనే ఈ షరతులు ఉండాలని అడుగుదాం.