రేపు జిల్లా మారితే?

కంప్యూటర్ ప్రోగ్రాం ఎలా కట్టాలన్నది ఇంజినీర్ల గొడవ, మనకెందుకులే అనుకుంటాం. కానీ ఆరోగ్య శాఖ ప్రోగ్రాంలో ఉండేది మన కాన్పు తేదీలు, మన పిల్లల టీకాలు, మన వాడలో వచ్చిన జ్వరాలు. అందుకే ఇది మన గొడవే అంటాను నేను.

మా స్టేషన్ ఘనపూర్‌నే తీసుకోండి. పాత వరంగల్ జిల్లాలో ములుగు ఘనపూర్ అని ఇంకొకటుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు మాది జనగామకు, అది జయశంకర్ భూపాలపల్లికి పోయాయి. 2019లో ములుగు వేరే జిల్లా అయింది. పేరులో ములుగు ఉన్న ఘనపూర్ మాత్రం భూపాలపల్లిలోనే ఉండిపోయింది. 2021లో వరంగల్ అర్బన్ కాస్తా హనుమకొండ అయింది. ఐదేళ్లలో మూడు మార్పులు! మనిషికైతే "ఏ ఘనపూరమ్మా?" అని అడిగే తెలివి ఉంటుంది. జిల్లా పేర్లను మేకుల్లా దిగ్గొట్టేసిన ప్రోగ్రాంకి ఆ తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది? గర్భిణి పేరు ఒక జిల్లాలో, కాన్పు మరో జిల్లాలో పడితే ఆమె లెక్కలో తప్పిపోయినట్టే కదా.

జబ్బులూ అంతే. 2004లో మొదలైన ఐ.డి.ఎస్.పి. పథకంలో అంటువ్యాధుల సమాచారం ఫారాల్లో వారానికోసారి పైకి వెళ్లేది. ఆ ఫారాలు తయారైననాడు ఎవరూ పేరు వినని కరోనా 2020లో వచ్చిపడింది. 2021 ఏప్రిల్‌లో దేశమంతటికీ ఐ.హెచ్.ఐ.పి. వచ్చింది. జబ్బుల పట్టిక పెరిగింది, వారం పోయి ఏరోజుకారోజు చెప్పాల్సి వచ్చింది.

పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన ఉంటే పునాది తీయకముందే మేస్త్రీకి చెబుతాం. స్లాబు పడ్డాక చెబితే ఏం లాభం? సాఫ్ట్‌వేర్‌కూ ఇలాంటి పద్ధతే ఉంది. 1990లలో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దానికో క్రమం ఏర్పరిచారు. ప్రోగ్రాం రాయకముందే నక్షా ముందేసుకుని, వాడేవాళ్లను కూర్చోబెట్టి, ఒక్కొక్కటే అడగాలి. జిల్లా చీలితే? కొత్త జబ్బొస్తే? తండాలో సిగ్నల్ లేకపోతే? కోడలు కాన్పుకి పుట్టింటికెళితే? ప్రతిదానికీ పట్టికలో ఒక వరుస చేరిస్తే చాలా, మొత్తం తిరగరాయాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ఊరికి మారని నంబరొకటి ఇచ్చి, ఏ తేదీ నుంచి ఏ జిల్లానో పక్కన రాసుకుంటే జిల్లా ఎన్నిసార్లు మారినా దిగుల్లేదు.

అన్నీ ముందే ఊహించగలమా అంటారు. ఊహించలేం. కానీ మార్పు రాక మానదని మాత్రం తెలుసు కదా!

ఇదంతా కాలయాపన అనేవారికి నాదొకటే మాట. ప్రోగ్రాం సరిపోనప్పుడు ఆ లోటు పూడ్చేది ఏ.ఎన్.ఎం.లూ, ఆశాలే. రిజిస్టర్లో ఒకసారి, తెరమీద ఒకసారి అదే వివరం రాయాల్సింది వాళ్లే. వాళ్ల రాత్రుళ్లకు ఖర్చు లేదా? నక్షా గీసిన రోజునే వాళ్లకూ కుర్చీ వేయండి. టెండరు కాగితంలో ఈ ఒక్క షరతూ రాస్తే చాలు. ఏమంటారు?