ఒకటో సంచిక నుంచే మొదలుపెట్టాలా?

ఇంటర్‌లో చేరిన రోజే నా కామిక్స్ అన్నీ అట్టపెట్టెలో పడి అటకెక్కాయి. ‘ఎంసెట్ అయ్యాక చదువుకుందువులే’ అంది అమ్మ. ఇంజినీరింగ్ కూడా అయిపోయింది, పెట్టె మాత్రం దిగలేదు. ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో, ఓ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య బ్యాట్‌మ్యాన్ కనిపించాడు. ఆశగా కొన్నా. నాలుగు పేజీలకే బుర్ర తిరిగింది. నాకు తెలిసిన రాబిన్ లేడు. చచ్చిపోయిన రాబిన్ బతికొచ్చాడు!

చాలామంది ఇక్కడే పుస్తకం మూసేస్తారు. మొదటినుంచీ చదవకపోతే అర్థం కాదని భయం. అసలు మొదలెక్కడ? సూపర్‌మ్యాన్ వచ్చింది 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో, స్పైడర్‌మ్యాన్ 1962లో. అన్నీ చదివి రావాలంటే ఎవరి తరం? ఈ చిక్కుముడి ప్రచురణ సంస్థలకే తలనొప్పి అయింది. 1985లో డీసీ ‘క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్’ మొదలుపెట్టి, తన పలు లోకాల్ని ఒక్కటిగా కలిపేసింది. 2011లో 52 సిరీస్‌లను ఒకటో నంబరుతో ప్రారంభించింది. మార్వెల్ 2000లో ‘అల్టిమేట్ స్పైడర్‌మ్యాన్’తో పీటర్ పార్కర్ కథను కొత్తగా చెప్పింది. వాళ్లే మళ్లీ మొదలుపెడుతుంటే మనకెందుకు మొహమాటం?

నా సలహా ఒక్కటే. హీరో చరిత్ర మొత్తం కాదు, ఒక పూర్తి కథ పట్టుకోండి. ‘బ్యాట్‌మ్యాన్: ఇయర్ వన్’ నాలుగు సంచికల్లో ముగుస్తుంది. ‘ఆల్ స్టార్ సూపర్‌మ్యాన్’ 12 సంచికలు. 2014లో సొంత సిరీస్‌తో వచ్చిన కమలా ఖాన్ ‘మిస్ మార్వెల్’ కూడా కొత్తవాళ్లకు హాయిగా అర్థమవుతుంది. తెలియని పేరు వస్తే దాటేయండి. మన ఇళ్లలో పెద్దవాళ్లు చందమామ బేతాళ కథల్ని అలాగే చదివారు. చేతికి ఏ సంచిక దొరికితే అక్కణ్నుంచే విక్రమార్కుడి వెంట నడిచారు.

‘ఉద్యోగం లేదు గానీ బొమ్మల పుస్తకాలా?’ అని ఇంట్లో అంటారు. నిజమే, ఇంటర్వ్యూలో బ్యాట్‌మ్యాన్ గురించి ఎవరూ అడగరు. కానీ పరీక్షలో రాని పుస్తకం చదవడం మానేసి మనకెన్నేళ్లయింది? రోజుకో అరగంట మార్కుల కోసం కాకుండా చదివితే, మిగతా చదువు కాస్త తేలికవుతుంది. నాకైతే అయింది.

ఇంకో మాట. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకిచ్చిన ప్రాజెక్టు ఎప్పుడో ఏళ్ల కిందట మొదలైనది. ఎవరూ మొదటినుంచీ చెప్పలేదు. కథ మధ్యలో దూరి, అడుగుతూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నా. అంతా తెలిశాకే మొదలుపెడదామని కూర్చుంటే కామిక్సూ చదవలేం, ఉద్యోగమూ చేయలేం. ఈ ఆదివారం అటక మీది పెట్టె దించండి.