ఊరు ఒప్పుకుందంటే ఎవరు ఒప్పుకున్నట్టు?

"పట్నంలో అపార్ట్‌మెంటులో ఉంటావు. పల్లె మాత్రం పొలంగానే ఉండాలంటావు. ఇదేం న్యాయం?" మా ఊళ్లో రాబోతున్న పెద్ద విల్లాల వెంచరును వ్యతిరేకించినప్పుడల్లా నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. బిల్డర్లే కాదు, అభ్యుదయ రచయితలూ అడుగుతున్నారు. జవాబు చెప్తాను. అంతకుముందు నాదీ ఒక ప్రశ్న ఉంది. "ఊరు ఒప్పుకుంది" అంటున్నారే, ఆ ఊళ్లో ఆడవాళ్లున్నారా?

మాది మొయినాబాద్ వైపు పల్లె. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్‌ను కాపాడేందుకు కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటికి నీరందించే నేల మాది. ఆ నీటి కోసమే 1996లో జీవో 111 చుట్టుపక్కల 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలను కట్టడి చేసింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను ఎత్తేసింది. 2023 మేలో జీవో 111ను పూర్తిగా రద్దు చేయాలని అప్పటి మంత్రివర్గం నిర్ణయించింది. అప్పటిదాకా ఎకరాల్లో మాట్లాడుకున్న నేలను ఊళ్లో మగవాళ్లు గజాల్లో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఈ నేలమీద కలుపు తీసేది, నారు నాటేది, కొత్తిమీర కట్టలు కట్టేది, తెల్లారకముందే చామంతులు తెంపేది ఆడవాళ్లే. ఆ పూలే గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోతాయి. కానీ పట్టాదారు పాసుపుస్తకంలో పేరు ఎక్కువగా మగవాడిదే. బయానా తీసుకునేదీ అతనే. బేరం చాయ్ హోటల్ దగ్గర కుదురుతుంది. ఇంట్లో ఆమెకు తెలిసేది సర్వే రాళ్లు పాతాకే.

ఆడవాళ్ల సంతకం అవసరమయ్యే సందర్భం ఒకటుంది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కునిస్తూ ఉమ్మడి రాష్ట్రం 1985లోనే చట్టాన్ని సవరించింది. అప్పటికే పెళ్లయినవాళ్లను మాత్రం పక్కన పెట్టింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా ఆ హక్కును ఇచ్చింది. ఈ చట్టాలు మా ఊరికి ఎప్పుడు తెలిశాయనుకున్నారు? కొనేవాళ్ల వకీలు కాగితాలు చూసి, "అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలి" అన్నప్పుడు! అలా హక్కు తెలిసిన రోజే హక్కు వదులుకునే పత్రం ముందుకొచ్చింది. "అన్న పిలిచిండు, పెట్టిన. పెట్టకుంటే పుట్టింటి గడప తొక్కనిస్తరా?" అన్నది నాతో చదువుకున్న స్నేహితురాలు. చీరె పెట్టి పంపారట. ఆ చీరెకు ఎన్ని గజాలు పోయాయో ఆమె లెక్క కట్టుకోలేదు. దీన్ని ఒప్పుకోలు అందామా?

ఇక సెంటు భూమి లేని మాదిగవాడ ఆడవాళ్ల సంగతి. 2013 భూసేకరణ చట్టం భూమి లేని కూలీలనూ, కౌలుదారులనూ బాధిత కుటుంబాలుగా గుర్తించింది. కానీ ప్రైవేటు వెంచరు ఎకరం ఎకరం కొనుక్కుంటూ పోతే దాన్ని భూసేకరణ అనరు. సాగుభూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడానికి దరఖాస్తు, రుసుము, ఉత్తర్వు చాలు. కాగితం మీద అందరూ ఇష్టంగా అమ్మినవాళ్లే, నిర్వాసితులు ఒక్కరూ ఉండరు. "అమ్మిన పటేలుకు పైసలొచ్చె. కొన్నోనికి ఇల్లొచ్చె. నడుమ మా కూలి యాడికి పాయె అక్కా?" అని నన్నడిగిన ఆమెకు వెంచరువాళ్ల దగ్గరున్న జవాబు ఒకటే: విల్లాల్లో పాచిపని దొరుకుతుందట. నిన్నటిదాకా నడిచిన గట్టు మీద గోడ లేస్తుంది. ఆ గోడకున్న గేటు దగ్గర రోజూ పేరు రాసి లోపలికి పోవాలి.

పల్లె మీద మోజుతో నేనీ మాటలు అనడం లేదు. పల్లెను కీర్తించడాన్ని అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో తూర్పారబట్టాడు. వాడల్ని వేరు చేసిన పల్లె మారాల్సిందే. కానీ ఈ వెంచరు కులాన్ని కూల్చదు, దానికి ప్రహరీ కట్టిస్తుంది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకొస్తాను. పట్నంలో ఇల్లు లేనివాళ్లకు ఇళ్లు కావాలి. ఈ విల్లాలు వాళ్లవి కావు. ఉన్న ఇల్లు చాలక, సొమ్ము దాచుకోవడానికి కొనేవాళ్లవి. 1996 నుంచీ భూమికి ధర రాక నష్టపోయామంటున్న చిన్నరైతుల బాధ నిజం. కూతురి పెళ్లికీ, ఆస్పత్రికీ అక్కరకు రాని భూమిని కాపాడుకొమ్మని వాళ్లకు నీతులు చెప్పే హక్కు నాకు లేదు. అయితే ఆ నష్టం ఎవరి కోసం భరించారు? పట్నం నీళ్ల కోసం. పరిహారం పట్నమే ఏటేటా కట్టాలి. కాలువలు పూడ్చి, కాంక్రీటు పోసి చెల్లించే పరిహారం జలాశయాలతోపాటు రైతునీ ముంచుతుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. గ్రామసభ చర్చించకుండా వెంచర్ల కోసం సాగుభూమిని మార్చకూడదు. గ్రామసభకు ముందు ఆడవాళ్ల సభ విడిగా జరగాలి, అది మధ్యాహ్నం కాదు, కూలి నుంచి తిరిగొచ్చే వేళ. అక్కచెల్లెళ్లు హక్కు వదులుకుంటే వాళ్ల వాటా సొమ్ము వాళ్ల ఖాతాలో పడ్డట్టు రుజువు చూపాకే రిజిస్ట్రేషన్ జరగాలి. ప్రైవేటు కొనుగోళ్లలోనూ కూలీలను, కౌలుదారులను బాధితులుగా గుర్తించాలి.

ఆస్తిహక్కు గురించి మనం చాలా రాశాం, సదస్సుల్లో పత్రాలు చదివాం. ఆ హక్కును ఆడవాళ్ల చేత రాయించుకుంటున్న చోటు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు వరండా. ఇకనుంచి మనం అక్కడ కూడా ఉండాలి.