రంగు పోయినా లెక్క దక్కాలంటే...

అబ్బాయి స్కూలు ప్రాజెక్టు కోసం కంప్యూటర్‌లో బార్ చార్టు వేశాడనుకోండి. బడి పుస్తకాల్లో కమ్మీ చిత్రం అంటారే, అదే. వరికి ఎర్ర కడ్డీ, మొక్కజొన్నకు ఆకుపచ్చ కడ్డీ. తెర మీద కళకళలాడింది. కలర్ ప్రింటు ఖరీదని నలుపు తెలుపులో తీయించాడు. ఇంకేముంది, వరి ఏదో మొక్కజొన్న ఏదో ఆ దేవుడికే తెలియాలి!

ప్రింటర్ని తిట్టి లాభం లేదు. రంగును బూడిదరంగుగా మార్చడానికి కంప్యూటర్లు ఎక్కువగా వాడే లెక్క ఒకటుంది. ఎరుపులో 30 శాతం, ఆకుపచ్చలో 59 శాతం, నీలంలో 11 శాతం తీసుకుని కూడతాయి. సున్నా అయితే నలుపు, 255 అయితే తెలుపు. ఈ లెక్కన నిండు ఎరుపు సుమారు 76 అవుతుంది. మామూలు ముదురు ఆకుపచ్చ సుమారు 75. ఈ రెండింటికీ తేడా పట్టగల కన్ను ఎక్కడుంది?

రంగుల్లో ప్రింటు తీసినా ఇబ్బందిపడేవాళ్ళున్నారు. యూరప్ సంతతి మగవాళ్ళలో దాదాపు 12 మందికి ఒకరు ఎరుపు, ఆకుపచ్చల తేడాను సరిగా పోల్చుకోలేరు. ఆడవాళ్ళలో ఇది 200 మందికి ఒకరు. తరగతిలో అలాంటి పిల్లాడుంటే 'నాకు కనబడట్లేదు టీచర్' అని చెప్పడు. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. మార్కులు పోయేది మాత్రం వాడికే.

దీనికి మందు ఏనాడో కనిపెట్టారు. రంగుల అచ్చు లేని రోజుల్లో, రాజవంశాల చిహ్నాల రంగులు పుస్తకంలో చూపించడమెలా? 1638లో పియెట్రా సాంటా అనే ఇటలీ మతగురువు తన పుస్తకంలో ఎరుపుకు నిలువు గీతలు, నీలానికి అడ్డగీతలు, ఆకుపచ్చకు ఏటవాలు గీతలు, బంగారు రంగుకు చుక్కలు వాడాడు. చిహ్నాల పుస్తకాల్లో ఆ పద్ధతి అలాగే నిలిచిపోయింది.

కంప్యూటర్‌తో అదే పని చేయించడానికి జీడీ అనే బొమ్మల లైబ్రరీ ఉంది. థామస్ బూటెల్ 1990ల్లో మొదలుపెట్టింది. వెబ్‌సైట్లు తయారుచేసే పీహెచ్‌పీ భాషలో నేటికీ వాడుకోవచ్చు. పని తీరు మన గచ్చు మీద టైల్స్ పరిచినట్టే. ముందు 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తుతో బుల్లి తెల్లబొమ్మ చేసి, అందులో మూల నుంచి మూలకు ఒక గీత గీస్తారు. 'ఇమేజ్ సెట్ టైల్' అనే ఆదేశంతో ఇదే నా టైలు అని చెబుతారు. తర్వాత కడ్డీని నింపేటప్పుడు రంగు పేరుకు బదులు టైలు పరచమంటే చాలు, కడ్డీ అంతా ఏటవాలు గీతలే.

చిక్కంతా మూలల దగ్గర. సన్నగీత అయితే ఒక టైలు నుంచి పక్క టైలులోకి చక్కగా కలిసిపోతుంది. దాన్ని లావు చేద్దామని పక్కనే ఇంకో గీత గీశారో, టైళ్ళు కలిసేచోట ఒక చుక్క ఖాళీ పడుతుంది. అచ్చు సరిగా కుదరని చీర అంచులాగా! గీత తగలకుండా మిగిలిపోయిన మూలల్లో, రెండో గీత ఉన్న వైపుకు ఎదురు మూలన విడిగా ఒక చుక్క పెడితే అతుకు కనబడదు.

ఇంకో సంగతి. జీడీ టైళ్ళు పరిచేది కడ్డీ మూల నుంచి కాదు, మొత్తం బొమ్మ పైన ఎడమ మూల నుంచి. అందుకే ఒకే డిజైను ఉన్న రెండు కడ్డీలు ఆనుకుని ఉంటే గీతలు కలిసిపోయి ఒకటే కడ్డీ అనిపిస్తాయి. చుట్టూ నల్ల అంచు, మధ్యలో కాస్త ఎడం తప్పవు. ఎత్తు కూడా పైనుంచి కిందికి కొలుస్తుంది. ఇది మరిచిపోతే కడ్డీలు చూరుకు వేలాడతాయి.

ఇంత తంటా వద్దనుకుంటే పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఉంది. 'హ్యాచ్' అని ఒక ఏటవాలు గీత గుర్తు ఇస్తే సరి.

అయితే గీతలంటే గిట్టనివారూ ఉన్నారు. దగ్గరదగ్గర గీతలు కంటికి అదురుతున్నట్టు అనిపిస్తాయని ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో తన పుస్తకంలో గట్టిగానే విమర్శించాడు. ఆయన మాట సగం నిజం. నిలువు గీతల పక్కన అడ్డగీతలు పెట్టి చూడండి, కళ్ళు తిరుగుతాయి. మూడు, నాలుగు రకాలకైతే ఖాళీ తెలుపు, నిండు నలుపు, ఎడం ఎడంగా ఏటవాలు గీతలు, చుక్కలు సరిపోతాయి. ఏ డిజైను దేనికో చెప్పే చిన్న గడులను మాత్రం కనీసం రెండు టైళ్ళ వెడల్పు ఉంచండి. అంతకంటే చిన్నదైతే అందులో ఉన్నది గీతో చుక్కో తెలియదు.